హెచ్1బీ మీద ఉన్న పోస్ట్‌డాక్‌కు హెచ్ఐవీ నివారణలో మెంటార్ గ్రాంటు: ఏది అందుతుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

అడిగింది క్లుప్తంగా ఇదీ. అమెరికాలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) రెండో ఏడాది, హెచ్1బీ వీసా. పని ప్రెప్ మీద, అంటే హెచ్ఐవీ సోకకముందే తీసుకునే నివారణ మందు మీద. మైనారిటీ యువ శాస్త్రవేత్తలకు సీనియర్ శాస్త్రవేత్తను జతచేసి ఇచ్చే నిధులు, హెచ్‌పీటీఎన్ (హెచ్ఐవీ నివారణ ట్రయల్స్ నడిపే నెట్‌వర్క్) స్కాలర్స్ లాంటివి, కంటపడ్డాయి. మనవాళ్లు మైనారిటీ కిందికి వస్తారా? రాకపోతే దారేది? అప్లికేషన్‌లో దేన్ని చూసి మార్కులు వేస్తారు?

మొదటిదానికి జవాబు: రారు. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2019 నవంబరులో ఇచ్చిన నిర్వచనంలో నల్లజాతివారు, హిస్పానిక్ మూలాలవారు, అమెరికా, అలాస్కా ఆదివాసులు, హవాయి తదితర పసిఫిక్ దీవులవారు ఉన్నారు. ఆసియావాళ్లు లేరు. మనకు మైనారిటీ అనగానే జనాభాలో తక్కువమంది అనే అర్థం తోస్తుంది. అక్కడి కొలత వేరు: జనాభాలో ఉన్నంత వాటా ల్యాబుల్లో, ఫ్యాకల్టీ పదవుల్లో లేనివాళ్లు ఎవరు అని. కారిడార్లో పది అడుగులు వేస్తే తెలుగు వినబడే చోట ఆ కొలతకు మనం సరిపోం. అదే నిర్వచనంలో వైకల్యం ఉన్నవాళ్లకూ, లేమిలో పెరిగినవాళ్లకూ చోటుంది. లేమి కిందికి రావాలంటే ఇచ్చిన గుర్తుల్లో కనీసం రెండు ఉండాలి: తల్లిదండ్రులిద్దరికీ డిగ్రీ లేకపోవడం, బడిలో రెండేళ్లో అంతకుమించో ఉచిత భోజనం, పేద విద్యార్థులకు కాలేజీ చదువుకిచ్చే పెల్ గ్రాంటు అర్హత, ఫోస్టర్ సంరక్షణలో పెరగడం, మారుమూల ప్రాంతం, ఇలాంటివి. చాలావరకు అమెరికాలో పెరిగినవాళ్లకు కుదిరే గుర్తులే. పైగా ఈ నిర్వచనం మీద నడిచిన సప్లిమెంట్ నిధులకు (నడుస్తున్న గ్రాంటుకు అదనంగా ఇచ్చేవి) పౌరసత్వమో గ్రీన్‌కార్డో తప్పనిసరిగా ఉండేది.

ఎందుకంత పట్టింపు అంటే, ఆ నిధుల వెనక గట్టి లెక్కలున్నాయి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా ప్రకారం 2022లో అమెరికాలో కొత్తగా హెచ్ఐవీ సోకింది సుమారు 31,800 మందికి. అందులో నల్లజాతివారు 37 శాతం, హిస్పానిక్‌లు 33 శాతం. జనాభాలో వాళ్ల వాటాలు చూస్తే సుమారు 12, 19 శాతాలే. ఇక డబ్బు సంగతి. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణలో, చదువు, ప్రచురణలు, సంస్థ లాంటివన్నీ సరిచూశాక కూడా నల్లజాతి దరఖాస్తుదారులకు ఎన్‌ఐహెచ్ ప్రధాన పరిశోధన గ్రాంటు ఆర్01 దక్కే అవకాశం తెల్లవాళ్లకంటే 10 శాతం పాయింట్లు తక్కువని తేలింది. 2019లో ఇంకో విశ్లేషణ ఆ తేడాలో 20 శాతానికి పైగా కేవలం ఎంచుకున్న అంశం వల్ల వస్తోందని చూపింది. అణువులు, కణాల మీద పని చేసేవాళ్లకంటే సముదాయాల మీద, జనాభా మీద పని చేసేవాళ్లకు నిధులు తక్కువగా దక్కుతున్నాయి. ఈ రెండో మాట మీరు కూడా గుర్తుపెట్టుకోండి. ప్రెప్ వాడకం మీద పని ఆ రెండో కోవలోదే, దానికి జాతితో సంబంధం లేదు.

ఇప్పుడు పరిస్థితి ఇంకా మారింది. 2025 మొదట్లో ఈ వైవిధ్యం నిధుల ప్రకటనలను ఎన్‌ఐహెచ్ తీసేసింది, నడుస్తున్న గ్రాంట్లు చాలా రద్దయ్యాయి. జూన్ 16న బోస్టన్‌లో ఫెడరల్ జడ్జి ఆ రద్దులు చట్టవిరుద్ధమన్నారు. ఆగస్టు 21న సుప్రీంకోర్టు 5-4తో, డబ్బు వివాదం వేరే కోర్టులో తేల్చుకోవాలన్నట్టుగా ఆ తీర్పులో చాలా భాగాన్ని ఆపింది. కాబట్టి గూగుల్‌లో దొరికిన పాత ప్రకటన చూసి ప్లాను వేసుకోవద్దు. ముందు ఆ ప్రకటన గడువు తీరిందో లేదో చూడండి, తర్వాత అందులో పేరున్న ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు, అంటే ఆ నిధిని చూసుకునే ఎన్‌ఐహెచ్ అధికారికి, ఈమెయిల్ పెట్టండి. నిధి ఒకే చేతి నుంచి వస్తే ఏమవుతుందో హైదరాబాదులో ఈ రంగంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు: 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం తెరిచిన మిత్ర్ క్లినిక్ 2025లో అమెరికా డబ్బు ఆగగానే తలుపులు మూయాల్సి వచ్చింది.

ఇక మీకు అందే దారి. మెంటార్ దగ్గర నేర్చుకుంటూ పరిశోధన చేయడానికి ఎన్‌ఐహెచ్ ఇచ్చేవి కే గ్రాంట్లు. అవన్నీ ఒకటి కావు. కే01, కే08, కే23 మూడింటికీ గ్రాంటు చేతికొచ్చే నాటికి గ్రీన్‌కార్డు ఉండాలి. కే99/ఆర్00కు ఆ షరతు లేదు, హెచ్1బీ, జే1 వాళ్లూ వేయొచ్చు. ఇందులో మొదటి భాగం మెంటార్ దగ్గర రెండేళ్ల దాకా, రెండో భాగం మీరు టెన్యూర్ ట్రాక్ (శాశ్వత పదవికి దారితీసే) అసిస్టెంట్ ప్రొఫెసర్ అయ్యాక మూడేళ్ల దాకా. రెండో భాగంలో ఏడాదికి గరిష్ఠంగా 2,49,000 డాలర్లు, ఓవర్‌హెడ్, అంటే సంస్థ నిర్వహణ ఖర్చు కింద తీసుకునే వాటా, కూడా కలిపి. అసలు పేచీ వీసాతో కాదు, గడియారంతో. పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకూడదు. మొదటిసారి వేసినప్పుడే కాదు, తిరస్కరించాక మళ్లీ వేసినప్పుడు కూడా. ల్యాబు మారినా, దేశం మారినా పాత పోస్ట్‌డాక్ నెలలు చెరిగిపోవు. పుణెలోనో బెంగళూరులోనో చేసిన పోస్ట్‌డాక్ కూడా లెక్కలోకి వస్తుంది, అది సీవీలో దాచే విషయం కాదు. బిడ్డ పుడితే ఒక ఏడాది పొడిగింపు అడగొచ్చు, కానీ గడువుకు ముందే అడగాలి.

గ్రీన్‌కార్డు దగ్గర్లో ఉంటే, రోగులతో నేరుగా పని చేసే డాక్టరైతే కే23, ప్రజారోగ్యం, సాంఘిక శాస్త్రాల వైపు పీహెచ్‌డీ అయితే కే01 చూడండి. ఇవి మూడు నుంచి ఐదేళ్లు. భారత్‌కు తిరిగి వెళ్లే ఆలోచన గట్టిగా ఉంటే ఫొగార్టీ సెంటర్ ఇచ్చే కే43 ఉంది, అది అల్పాదాయ, మధ్యాదాయ దేశాల సంస్థల్లో పదవి ఉన్న ఆ దేశాలవాళ్లకే. హైదరాబాదులో ఆఫీసున్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు కూడా చూసుకోండి. అదంతా వేరే కథ, ఇక్కడ పొడిగించను.

పెద్ద గ్రాంటుకు ముందు చిన్నది కావాలి. మీ యూనివర్సిటీలో సీఎఫ్ఏఆర్, అంటే ఎయిడ్స్ పరిశోధన కేంద్రం, ఉందేమో చూడండి. ఎన్‌ఐహెచ్ 1988 నుంచి నడుపుతున్న ఏర్పాటు అది. ఎమరీ, జాన్స్ హాప్కిన్స్, చాపెల్ హిల్, బర్మింగ్‌హామ్ లాంటి చోట్ల ఉంది. కొత్తవాళ్లకు ఏడాది, రెండేళ్ల పైలట్ నిధి ఇస్తారు, కొన్ని పదివేల డాలర్లు ఉంటుంది, లక్షల్లో కాదు. ఎవరికివ్వాలో ఆ కేంద్రమే తేల్చుకుంటుంది కాబట్టి సాధారణంగా వీసా అడ్డు రాదు. కొన్నిచోట్ల ఫ్యాకల్టీ హోదా అడుగుతారు, అది చూసుకోండి. ఒక్క హెచ్చరిక: అమెరికా బయట చేసే పనికి, మనుషులకు కొంచెమైనా ఎక్కువ ప్రమాదముండే పనికి ఎన్‌ఐహెచ్ నుంచి విడిగా అనుమతి తెప్పించుకోవాలి. ఐఆర్‌బీ, అంటే సంస్థ నైతిక కమిటీ, ఆమోదం అయ్యాక అది మొదలవుతుంది. ఏడాది నిధిలో మూడు నెలలు అందులోనే కరిగిపోవడం మామూలు.

ఇప్పుడు హెచ్‌పీటీఎన్ స్కాలర్స్ లాంటి పద్ధతి గురించి. మీకు అర్హత లేకపోయినా దాని నడక నేర్చుకోదగ్గది, ఎందుకంటే కొత్తవాళ్లకు డబ్బు తక్కువ, సమయం తక్కువ. ఆ కార్యక్రమంలో కొత్త ట్రయల్ ఎవరూ మొదలుపెట్టరు. నెట్‌వర్క్ ఇప్పటికే పూర్తి చేసిన అధ్యయనాల డేటా తీసుకుని, ఒక మెంటార్‌నూ ఒక స్టాటిస్టీషియన్‌నూ పక్కన పెట్టుకుని, ఒక ప్రశ్నకు జవాబు రాబట్టి, పేపరుగా తీసుకొస్తారు. డేటా సియాటిల్‌లో ఫ్రెడ్ హచ్ క్యాన్సర్ కేంద్రంలోని స్కార్ప్ అనే డేటా విభాగం దగ్గర, ల్యాబు నమూనాలు జాన్స్ హాప్కిన్స్ చూసుకునే ల్యాబ్ సెంటర్ చేతిలో. బయటివాళ్లు కూడా కాన్సెప్టు షీటు, అంటే తమ ప్రశ్నను క్లుప్తంగా వివరించే కాగితం, పంపి డేటా అడగొచ్చు. కమిటీ ఆమోదం, డేటా ఒప్పందం మీద సంతకాలు, ఫైళ్లు చేతికి రావడం, అన్నీ కలిపి నెలలు పడుతుంది.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. అధ్యయనంలో మనుషుల సంఖ్య చూసి మురిసిపోతారు, కావాల్సింది సంఘటనల సంఖ్య, అంటే ఎంతమందికి సోకిందన్నది. హెచ్‌పీటీఎన్ 083 చూడండి. రెండు నెలలకోసారి వేసే కాబోటెగ్రావిర్ ఇంజెక్షన్‌ను రోజూ వేసుకునే మాత్రతో పోల్చిన ట్రయల్. 4,566 మంది. అమెరికాలో చేరినవాళ్లలో దాదాపు సగం నల్లజాతివారు. పెద్ద డేటానే. కానీ మొదటి ఫలితాల్లో హెచ్ఐవీ సోకింది మొత్తం 52 మందికి: ఇంజెక్షన్ వైపు 13, మాత్ర వైపు 39. "ఇంజెక్షన్ తీసుకుంటున్నా సోకినవాళ్లలో జాతి, వయసు, చదువు, ఇల్లు లేకపోవడం, వీటి పాత్ర ఏమిటి" అని ఒకరు రాశారనుకోండి. 13 మందిని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో గడిలో ముగ్గురు. స్టాటిస్టీషియన్ మొదటి పేజీ తిప్పకముందే పక్కన పెట్టేస్తారు. ఆఫ్రికా మహిళలతో చేసిన 084లో ఇంకా తక్కువ: 3,224 మందిలో 40, అందులో ఇంజెక్షన్ వైపు నలుగురే. మందు బాగా పనిచేసిన ప్రతి ట్రయల్‌లోనూ ఇదే తంటా.

అదే 083 డేటాలో ప్రశ్న మార్చండి. ఇంజెక్షన్ వైపు దాదాపు 2,280 మంది ఉన్నారు, ఒక్కొక్కరికీ అనేక విజిట్లు. ఏ ఇంజెక్షన్ ఎన్ని వారాలు ఆలస్యమైంది, ఆలస్యం ఏ సెంటర్లలో గుమికూడింది, మొదట్లో చెప్పిన ఏ ఇబ్బంది తర్వాతి ఆలస్యాన్ని ముందే పట్టిస్తుంది అని అడిగితే వేలల్లో పరిశీలనలు దొరుకుతాయి, ఒకే మనిషి విజిట్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి మిక్స్‌డ్ మోడల్ వాడాలి, ఆ మోడల్ నేర్చుకోవడమే మీ శిక్షణలో ఒక భాగం అవుతుంది. ప్రశ్న, డేటా, శిక్షణ మూడూ ఒకే తాడు మీదికొచ్చాయి. కమిటీకి కావాల్సింది ఇదే.

పాత డేటాకు వయసు కూడా ఒక జబ్బు. హెచ్‌పీటీఎన్ 061లో ఆరు అమెరికా నగరాల నుంచి, పురుషులతో లైంగిక సంబంధాలున్న 1,553 మంది నల్లజాతి పురుషులు చేరారు. వివక్ష, జైలు, నెట్‌వర్కులు, అన్నిటి మీదా లోతైన ప్రశ్నావళి ఉంది. హెచ్ఐవీ లేనివాళ్లలో ఏడాదికి 3 శాతం మందికి సోకిందన్నది అందులోంచి వచ్చిన అంకె. ఇప్పటికీ బంగారం లాంటి డేటా. కానీ వాళ్లను చేర్చుకున్నది 2009, 2010లో. అమెరికాలో ప్రెప్‌కు ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2012 జులైలో. అందుకని 061తో ప్రెప్ గురించి ముగింపులు చెబితే రివ్యూయర్ నవ్వుకుంటారు. వివక్షకూ పరీక్ష చేయించుకోవడానికీ ఉన్న ముడి గురించి అడిగితే వింటారు.

సొంతంగా పైలట్ చేద్దామంటే అంకెలతో మొదలుపెట్టండి. "నా పద్ధతి హెచ్ఐవీని సగానికి తగ్గిస్తుంది" అని కే గ్రాంటులో రుజువు చేయగలమా? లెక్క చూద్దాం. రెండు సమాన గుంపులు, సోకే వేగం సగానికి తగ్గుతుందని అంచనా, 80 శాతం పవర్ (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం), 5 శాతం ఆల్ఫా (లేని తేడాను ఉందనుకునే అవకాశం). అవసరమయ్యే సంఘటనలు సుమారు 66. కంట్రోల్ గుంపులో ఏడాదికి 3 శాతం సోకుతుందనుకుంటే రెండు గుంపుల సగటు 2.25 శాతం. 66ని 0.0225తో భాగిస్తే సుమారు 2,900 మనిషి-ఏళ్లు. అంటే ఏడాదిపాటు 2,900 మందిని వెంటాడాలి, మధ్యలో ఒక్కరూ తప్పిపోకుండా. కే గ్రాంటులో పరిశోధన ఖర్చుకు ఇచ్చేది ఏడాదికి కొన్ని పదివేల డాలర్లు. ఆ డబ్బుకు ఆ పని కాదు. అందుకే నివారణలో కే అప్లికేషన్లు ఫలితంగా సోకడాన్ని పెట్టవు. ప్రెప్ మొదలుపెట్టారా, మూడో నెలలో కొనసాగుతోందా, రక్తంలో మందు ఉందా, ఇవి పెడతాయి.

60 మందితో పైలట్ అయితే దాని పరిమితి మీరే ముందుగా రాసేయండి. సగం మంది కొనసాగించారని తేలితే 95 శాతం విశ్వాసాంతరం అటూఇటూ 13 శాతం పాయింట్లు, అంటే 37 నుంచి 63 దాకా. దీంతో పద్ధతి పనిచేస్తుందని చెప్పలేం. ఎంతమందిని పిలిస్తే ఎంతమంది వచ్చారు, ఎంతమంది చివరిదాకా ఉన్నారు, సెషన్ ఎంతసేపు పట్టింది, ఏది నచ్చలేదు అన్నవి చెప్పగలం. "60 మందితో ప్రాథమిక ప్రభావాన్ని కొలిచి దాన్ని బట్టి పెద్ద ట్రయల్ సైజు నిర్ణయిస్తాం" అన్న వాక్యం చాలా అప్లికేషన్లలో కనబడుతుంది. తీసేయండి. అంత చిన్న గుంపులో వచ్చిన ప్రభావం అంకె అటూఇటూ ఊగిసలాడుతుంది, దాని మీద పెద్ద ట్రయల్ కట్టడం ఇసుక మీద గోడ కట్టడమే.

రక్తంలో మందు కొలవడం గురించి నాలుగు మాటలు, ఎందుకంటే కొత్తవాళ్లు "స్వయంగా చెప్పిన మాత్రల లెక్క"తో సరిపెట్టేస్తారు. అడిగితే అందరూ వేసుకున్నామనే చెబుతారు. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను కార్డు మీద ఆరబెట్టి, ఎర్ర రక్తకణాల్లో పేరుకున్న టెనోఫోవిర్ డైఫాస్ఫేట్ కొలుస్తారు. దాని అర్ధాయువు 17 రోజుల చుట్టూ, కాబట్టి నిన్న డాక్టరు దగ్గరికి వస్తూ వేసుకున్న ఒక్క మాత్ర దాన్ని మోసం చేయలేదు, రెండు నెలల అలవాటు బయటపడుతుంది. టీడీఎఫ్ (టెనోఫోవిర్ పాత రూపం) ఉన్న పాత మాత్రకు ఒక్కో పంచ్‌కు, అంటే కార్డులోంచి కత్తిరించిన చిన్న బిళ్లకు, 700 ఫెమ్టోమోల్స్ దాటితే వారానికి నాలుగో అంతకంటే ఎక్కువో మాత్రలు అని లెక్క. ఆ హద్దు టీఏఎఫ్ (టెనోఫోవిర్ కొత్త రూపం) ఉన్న కొత్త మాత్రకు వర్తించదు. రెండు మందులు కలిసి ఉన్న గుంపులో ఒకే హద్దు రాస్తే ల్యాబు తెలిసిన రివ్యూయర్ అక్కడే పట్టేస్తారు. కార్డులు తడి తగలకుండా తేమ పీల్చే పొట్లాలతో సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో దాచాలి. ఆ ఫ్రీజర్ ఎవరిది, కరెంటు పోతే అలారం ఎవరి ఫోనుకు వస్తుంది, అది కూడా రాయండి.

అంశం ఎంపికలో కాలం చూసుకోవాలి. ఆరు నెలలకోసారి వేసే లెనాకపవిర్‌కు ప్రెప్‌గా ఎఫ్‌డీఏ అనుమతి 2025 జూన్‌లో వచ్చింది. 2024లో వెలువడిన ట్రయల్‌లో దాన్ని తీసుకున్న 2,134 మంది మహిళల్లో ఒక్కరికీ సోకలేదు. ఈ పూట రోజువారీ మాత్ర గుర్తుచేసే ఫోను యాప్ మీద ఐదేళ్ల ప్లాను రాస్తే, "మూడో ఏటికి ఈ మాత్ర ఎవరు వాడుతుంటారు" అని అడుగుతారు. ఇంజెక్షన్‌కు ఇన్సూరెన్సు ఎందుకు దక్కడం లేదు, అపాయింట్‌మెంటు ఎందుకు తప్పుతోంది, ఆపేశాక ఏం వాడుతున్నారు, ఇలాంటి ప్రశ్నలకు ఆయుష్షు ఎక్కువ.

ఇక పూర్తిగా కాగితాల దగ్గరే చచ్చిపోయే అప్లికేషన్ల సంగతి. కే గ్రాంట్లకు ప్రకటనలు జంటగా ఉంటాయి: సొంత క్లినికల్ ట్రయల్ ఉన్నవాళ్లకు ఒకటి, లేనివాళ్లకు ఒకటి. తప్పుదానికి వేస్తే సైన్స్ చదవకుండానే వెనక్కి పంపేస్తారు. ట్రయల్ అంటే మందు ట్రయల్ అనుకోవడం వల్ల వచ్చే తప్పు ఇది. ఎన్‌ఐహెచ్ నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. మనుషులున్నారా? వాళ్లకు ఏదైనా చర్యను ముందుగా కేటాయిస్తున్నారా? ఆ చర్య ప్రభావాన్ని కొలవడానికేనా? కొలిచేది ఆరోగ్యానికి సంబంధించిన శారీరక లేదా ప్రవర్తనా ఫలితమేనా? నాలుగూ అవును అయితే అది ట్రయలే. 40 మందికి వాట్సాప్ సందేశాలు పంపి ప్రెప్ కొనసాగింపు చూడటం కూడా ట్రయలే, కంట్రోల్ గుంపు లేకపోయినా సరే. ఇంటర్వ్యూలు, సర్వే, పాత డేటా విశ్లేషణ ట్రయల్ కావు. సందేహం ఉంటే ఒక పేజీ లక్ష్యాలు రాసి ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు పంపండి, జవాబు ఈమెయిల్ దాచుకోండి.

అభ్యర్థి భాగం, పరిశోధన వ్యూహం రెండూ కలిపి 12 పేజీలు. లక్ష్యాలకు విడిగా ఒక పేజీ. 12లో అభ్యర్థికి, శిక్షణకు నాలుగైదు పేజీలు పోవాలి. ఎక్కువమంది రెండు పేజీల్లో ముగించి మిగతాదంతా సైన్స్‌తో నింపేస్తారు, అది ఆర్01 రాసే అలవాటు. ఇక్కడ మార్కులు ఐదు చోట్ల పడతాయి: మీరు, మీ శిక్షణ ప్లాను, పరిశోధన ప్లాను, మెంటార్లు, సంస్థ. ఒక్కోదానికి 1 నుంచి 9, తక్కువైతే మంచిది. సైన్స్ ఐదులో ఒకటి మాత్రమే.

శిక్షణ ప్లానులో "స్టాటిస్టిక్స్‌లో నైపుణ్యం పెంచుకుంటాను" అని రాస్తే రాయనట్టే. రెండో లక్ష్యానికి మిక్స్‌డ్ మోడల్స్ కావాలి, ఇప్పటిదాకా మీకు లాజిస్టిక్ రిగ్రెషన్ వరకే వచ్చు, అందుకని మొదటి ఏడాది శరత్కాలంలో ఫలానా కోర్సు, తర్వాత పక్షానికోసారి స్టాటిస్టిక్స్ కో-మెంటార్‌తో గంట, రెండో ఏడాది చివరికి ఆ మోడల్‌తో ఒక పేపరు: ఇలా ఉండాలి. ప్రతి శిక్షణ లక్ష్యం ఏదో ఒక పరిశోధన లక్ష్యానికి అతుక్కోవాలి. అతుక్కోని కోర్సును కొట్టేయండి. అసలు లోటే లేదన్నట్టు రాసుకునేవాళ్లు ఇంకో రకం. మనవాళ్లలో ఇది ఎక్కువ, ఇంటర్వ్యూలో లోటు ఒప్పుకోకూడదని చిన్నప్పటి నుంచి నేర్పారు మరి. అన్నీ వచ్చినవాడికి మెంటార్ గ్రాంటు ఎందుకు అని కమిటీ అడుగుతుంది.

మెంటార్ ఎంపికలో పేరు చూసి పడిపోవద్దు. చూడాల్సినవి: ఇంతకుముందు కే గ్రాంటు తెచ్చుకున్న శిష్యులు ఎంతమంది, వాళ్లిప్పుడు ఎక్కడ ఉన్నారు, మీ గ్రాంటు కాలమంతా మెంటార్ దగ్గర సొంత నిధి ఉంటుందా. కే డబ్బుకు సరిపోని ఖర్చు ఆ నిధిలోంచే రావాలి, ఆ మాట మెంటార్ లేఖలో అంకెలతో ఉండాలి. మెంటార్, కో-మెంటార్ల లేఖలన్నిటికీ కలిపి ఆరు పేజీలు. నలుగురు మెంటార్లు తలా ఒకే రకం పొగడ్త రాస్తే అవి వృథా. ఎవరు ఏం నేర్పుతారు, నెలకెన్నిసార్లు కలుస్తారు, ఇద్దరి మధ్య అభిప్రాయభేదం వస్తే ఎవరిది చివరి మాట, ఇవి రాయించండి. ఇంకొకటి, అడగడానికి మొహమాటపడేది: గ్రాంటు అయ్యాక ఏ పని మీది, ఏ పని మెంటార్‌ది? "ఇంజెక్షన్ ఆలస్యాల మీద పని ఈమెతోపాటు వెళ్లిపోతుంది, నా ల్యాబు దాన్ని కొనసాగించదు" అన్న ఒక్క వాక్యం కే99లో ఎంతో విలువైనది. అది లేకపోతే మీ ప్రాజెక్టు మెంటార్ ఆర్01కు తోకలా కనబడుతుంది.

సిఫారసు లేఖలు మూడు నుంచి ఐదు, మెంటార్ల నుంచి కాదు, బయటివాళ్ల నుంచి. వాళ్లే నేరుగా ఈఆర్ఏ కామన్స్ అనే ఎన్‌ఐహెచ్ వెబ్‌సైట్‌లో పెట్టాలి, అప్లికేషన్ గడువు రోజులోపే. మూడో లేఖ రాకపోతే మీ ఐదు నెలల పని గంగలో కలుస్తుంది. ఐదుగురిని అడిగి, రెండు వారాల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి గుర్తుచేయండి. సంస్థ లేఖలో మీ సమయంలో 75 శాతం, అంటే ఏడాదికి తొమ్మిది నెలలు, పరిశోధనకు కాపాడతామని ఉండాలి. కే01, కే23లకైతే మీ పదవి ఈ గ్రాంటు వచ్చినా రాకపోయినా ఉంటుందన్న మాట కూడా కావాలి. "గ్రాంటు వస్తే నియమిస్తాం" అని రాస్తే ఆ సంస్థకు మీ మీద నమ్మకం లేదని చదువుకుంటారు. డిపార్ట్‌మెంటు ఎందుకు నసుగుతుందంటే, కే మీద ఓవర్‌హెడ్ 8 శాతమే వస్తుంది, గ్రాంటులో జీతానికి ఇచ్చే పరిమితికి మించిన సొమ్ము వాళ్లే పెట్టుకోవాలి. అందుకని డిపార్ట్‌మెంటు లెక్కలు చూసే మేనేజర్‌తో ఆరు నెలల ముందే కూర్చోండి.

ప్రెప్ పనిలో మానవ రక్షణ భాగాన్ని చివరి రాత్రి రాయొద్దు. అధ్యయనం మధ్యలో ఎవరికైనా పాజిటివ్ వస్తే ఆ రోజే ఎవరు చెబుతారు, ఎన్ని రోజుల్లో చికిత్సకు చేరుస్తారు, రాష్ట్ర ఆరోగ్య శాఖకు ఆ ఫలితం వెళుతుందన్న సంగతి సమ్మతి పత్రంలో ఉందా? ఎన్‌ఐహెచ్ డబ్బుతో జరిగే పనికి 2017 అక్టోబరు నుంచి గోప్యతా సర్టిఫికెట్ తనంతట తానే వర్తిస్తుంది, కోర్టు అడిగినా పాల్గొన్నవాళ్ల పేర్లు వాళ్ల అనుమతి లేకుండా ఇవ్వకూడదు. కానీ అంటువ్యాధుల రిపోర్టింగ్ చట్టాన్ని అది అడ్డుకోదు. ఈ రెంటినీ కలిపి తికమకగా రాసినవాళ్లకు అభ్యంతరం నోటు తప్పదు.

పంపాక నాలుగైదు నెలలకు రివ్యూ. కింది సగాన్ని చర్చించకుండానే వదిలేయడం మామూలు. చర్చిస్తే 10 నుంచి 90 మధ్య స్కోరు, నెల రోజుల్లో రివ్యూయర్ల రాతలు వస్తాయి. మళ్లీ వేసే అవకాశం ఒక్కసారి, దానికి ఒక పేజీ జవాబు జతచేయాలి. ముగ్గురూ ఎత్తిన తప్పు ముందు, ఒక్కరే ఎత్తినది తర్వాత. ఒప్పుకోని చోట కారణం రెండు వాక్యాల్లో రాసి వదిలేయండి.

ఇప్పుడు మీ గడియారం. మొదటి గడువు నుంచి రెండోసారి వేసే గడువు దాకా సుమారు తొమ్మిది నెలలు. రెండోసారి కూడా నాలుగేళ్లలోపే పడాలి. అంటే మొదటిసారి మూడేళ్ల మూడు నెలలకు ముందే వెళ్లాలి. మధ్యలో ఒక సైకిల్, అంటే నాలుగు నెలల దరఖాస్తు విడత, జారిపోయే వీలు ఉంచుకుంటే రెండేళ్ల పదకొండు నెలల దగ్గర. ఎయిడ్స్ అప్లికేషన్లకు గడువు తేదీలు మిగతావాటికంటే వేరుగా ఉంటూ వచ్చాయి, కాబట్టి మీ ప్రకటనలోని తేదీతోనే లెక్కవేయండి. పోస్ట్‌డాక్ మొదలైన తేదీ ఆఫర్ లెటర్‌లో ఒకటి, హెచ్ఆర్ రికార్డులో ఒకటి ఉండటం కద్దు. ఈ వారమే హెచ్ఆర్ నుంచి ఆ తేదీ రాతపూర్వకంగా తెప్పించుకోండి.